మంచు మీద ఎర్ర మరక

బాబాయ్ పోయాడన్న కబురు నాకు తొమ్మిదో తరగతి గదిలో తెలిసింది. కిందటి నెల, మా కాలువ కింద వరికోతలు మొదలయ్యే వారం. ఇంగ్లీషులో ఉత్తరం ఎలా రాయాలో పిల్లలకి బోర్డు మీద రాసి చూపిస్తున్నాను. ఫోన్ చేసింది బాబాయ్ షెడ్డులో వెల్డింగు పని చేసే, మస్కి అనే ఊరి అతను.

"టీచరమ్మా, అన్న పోయిండు. స్టూలు మీద కూసున్నోడు కూసున్నట్లే ఒరిగిండు. జల్ది రా."

చేతిలో సుద్దముక్కతోనే స్కూటరెక్కాను. బడి ఉన్న పోతనాళ నుంచి మా క్యాంపుకి వచ్చే కాలవ రోడ్డంతా వరికోత మిషన్లు. పక్కకి తప్పుకోమని హారన్ కొడుతూనే ఉన్నాను. వాటిలో సగం మిషన్లు బాబాయ్ చేతి మీదుగా బాగుపడి వెళ్ళినవే.

ఆయన నాకు బంధువు కాదు. ఈ కాలవ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి మా తాతలు వేసుకున్న క్యాంపులో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక తడిక, అంతే. ఆయనకీ పిన్నికీ పిల్లల్లేరు. తడికలో మనిషి పట్టేంత సందు ఎప్పుడూ ఉండేది, అది మూయాలని రెండిళ్ళలో ఎవరికీ తోచలేదు.

ఆ రోజు వాకిట్లో జనం అందరూ ఒకటే మాట. మంచివాడు, ఈగకి కూడా అపకారం తలపెట్టనివాడు. ఇరవై ఏళ్ళు ఆయన్ని ఎగతాళి చేసిన నోళ్ళే. నాకు ఒళ్ళు మండింది. కానీ వాళ్ళని అనే మొహం నాకూ లేదు. బాబాయ్ మంచితనం గురించి చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన నన్ను ఒకే ఒక్క పని అడిగాడు. ఆ పని నేను ఎలా చేశానో చెప్పడానికి రాస్తున్నాను.

బాబాయ్ వాయుసేనలో విమానాల మెకానిక్. అక్కణ్ణుంచి బయటికొచ్చాక, విమానాలు అద్దెకిచ్చే ఒక విదేశీ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ ఆయన్ని దక్షిణ ధ్రువం వైపు, అంటార్కిటికాకి పంపింది. అక్కడ మంచులో ఉండి పరిశోధన చేసే వాళ్ళకి సరుకులు మోసే ఒక చిన్న విమానం, దానికి ఈయన మెకానిక్. చక్రాల చోట పొడుగాటి పట్టీలుండేవట, దమ్ము చేసిన పొలం మీద చదును చెక్క జారినట్టు అవి మంచు మీద జారేవట.

ఇదంతా మా క్యాంపులో ఒక్కడూ నమ్మలేదు. "దుబాయ్‌లో ఏసీలు బాగుచేసొచ్చి మంచు మంచు అంటాడు" అనేవారు. రచ్చబండ దగ్గర ఆయన పేరు 'ఐసుబండి'. ఆయన ఎవరికీ జవాబు చెప్పేవాడు కాదు. పానాపెట్టె మూతకి లోపలివైపు ఒక ఫోటో అంటించి ఉండేది. తెల్లటి బయలు, మధ్యలో నారింజరంగు తోక ఒకటి ఏటవాలుగా పైకి లేచి ఉంటుంది. మిగతా విమానమంతా మంచులో కూరుకుపోయింది. చూపించమంటే చూపించేవాడు, ఏమిటని అడిగితే "మా బండి" అనేవాడు.

ఆ బండి గురించి నాకు మాత్రం చెప్పాడు. అది ఆయనకంటే ముందు ఎక్కడో ఉత్తరాన అడవుల్లో, చెరువుల మీద దిగే పని చేసిందట. తర్వాత కాళ్ళు మార్చి మంచుకి తెచ్చారు. డీజిలు డ్రమ్ములు మోసింది, ఉల్లిపాయలు మోసింది, ఒకసారి పన్ను నొప్పితో మెలికలు తిరుగుతున్న ఒక శాస్త్రవేత్తని కూడా మోసింది. "ముసల్ది. చలికి మనకంటే ముందు మూలిగేది. కానీ ఒక్క రోజు మొరాయించలేదమ్మాయ్," అనేవాడు. అది పడిపోయాక ఇంజన్లు, రేడియో విప్పుకుపోయారు. తర్వాత ఆ దారిన వెళ్ళేవాళ్ళు దాని రేకుల మీద గోకి తమ పేర్లు రాసుకున్నారట. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మండిపడేవాడు. "చచ్చిన గొడ్డు మీద కూడా ఎవడూ పేరు రాయడు కదా."

ఆ విమానం నడిపిన పైలట్ కెనడా ఆయన. ప్రతి జనవరిలో ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చేది. పానాపెట్టెలోని ఫోటో కూడా ఒక ఏడు కార్డుతో పాటు వచ్చిందే. కార్డులో రెండే ముక్కలు, శుభాకాంక్షలు, సంతకం. అక్షరాలు ఒకటో తరగతి పిల్లాడివిలా వంకరటింకరగా ఉండేవి. అంత చదువుకున్నవాడి రాత ఇలా ఉందేమిటని ఒకసారి నవ్వాను. బాబాయ్ నవ్వలేదు. "ఎడంచేతి వాటం మనిషి. ఆ చేతికి బొటనవేలే మిగిలింది. కుడిచేత్తో నేర్చుకుని రాస్తన్నాడు," అన్నాడు.

బాబాయ్ అలవాట్లు రెండు మా క్యాంపుకి అస్సలు అర్థమయ్యేవి కావు. ఒకటి, ఏ మిషను మీద తడి కనిపించినా ఉత్త వేలు పెట్టి, బొటనవేలితో రుద్ది, వాసన చూసేవాడు. సలసల కాగే ఇంజనైనా సరే. చేతులకి ఎప్పుడూ బొబ్బలే. గ్లౌజులు తెచ్చిచ్చిన హార్వెస్టరు కంపెనీ కుర్రాడికి వాటిని అక్కడికక్కడే తిరిగిచ్చేశాడు. పిన్ని వండిన పచ్చడి కూడా అలాగే వేలితో రుద్ది చూడబోతే ఆవిడ గరిటెతో ఒకటి తగిలించేది. "కన్ను తొందరపడుద్ది అమ్మాయ్. వేలు పడదు," అనేవాడు.

నాకు పోతనాళ బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు, ఆడపిల్ల రోజూ కాలవ గట్టు మీద ఒంటరిగా ఎలా వెళ్తుందని మా ఇంట్లో రాద్ధాంతం. బాబాయ్ పాత స్కూటరొకటి తెచ్చి, గోనెసంచి పరిచి, దాన్ని నట్టు నట్టుగా విప్పి, మళ్ళీ బిగించమని నా ముందు పడేశాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. ఐదో ఆదివారం మా నాన్నతో, "ఇప్పుడు బండి ఆగినా మీ అమ్మాయి ఆగదు, పంపించు," అన్నాడు. నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే, అందులో దాపరికం లేదు.

రెండో అలవాటు దసరాకి బయటపడేది. ఈ జిల్లాలో ఆయుధపూజ అంటే మామూలు సంగతి కాదు. బస్సుకి, ఆటోకి, ట్రాక్టరుకి, కుట్టుమిషనుకి కూడా బొట్టు పడాల్సిందే. బాబాయ్ షెడ్డులో మాత్రం దేవుడి పటానికే పూజ. ఇనుముకి బొట్టు పెట్టనిచ్చేవాడు కాదు. వెల్డరు ఏడాదికోసారి దీని మీద కొట్లాడేవాడు.

"ఏందన్నా, ఊరంత మిషన్లకు బొట్లు పెడ్తాంటే మన షెడ్డుల మాత్రం వద్దంటవ్. గిట్లయితే గిరాకీ ఎట్లొస్తది? లోకం ఏమంటది?"

"దేవుడికి పెట్టు. నీ మొహానికి పెట్టుకో. మిషనుకి మాత్రం ఒద్దు."

"తుర్కోడైనా నిమ్మకాయ కొడ్తడు గదన్నా, నువ్వేంది!"

లోకం అననే అంది. మతం మారాడన్నారు. విదేశాల్లో పొగరెక్కిందన్నారు. ఒక ఏడు పంట బాగా లేకపోతే, బొట్టు పెట్టకుండా బాగుచేసిన మిషన్లు పొలం తొక్కబట్టే అన్నవాడు కూడా ఉన్నాడు. వాడే కిందటి నెల వాకిట్లో అందరికంటే గట్టిగా ఏడ్చాడు.

రెండేళ్ళ కిందట బాబాయ్‌కి గుండెకి స్టెంటు వేశారు. ఇంటికొచ్చిన వారానికి తడిక సందులోంచి వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. "ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసిపెట్టాలమ్మాయ్. నాకొచ్చింది మిషన్ల ఇంగ్లీషే. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి," అన్నాడు. ఉత్తరం పైలట్‌కి. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పింది ఇదీ.

ఆ ఏడు దసరా ఆలస్యంగా వచ్చింది, అప్పటికే మంచులో విమానాల కాలం మొదలైంది. స్థావరంలో మనవాళ్ళు ఆరుగురుంటే, పండగ చేద్దామన్నారు. పెట్టెలో పిన్ని పెట్టిన కుంకుమ పొట్లం ఉంది. నీళ్ళతో కలిపితే గడ్డకట్టేస్తుందని, దీపానికని తెచ్చుకున్న నువ్వులనూనెలో కలిపి, విమానం మూడు కాళ్ళకీ బొట్లు పెట్టాడు బాబాయ్. పైలట్ పక్కనే నిలబడి, ముక్కు దగ్గరి కాలికి ఇంకాస్త పెద్దది పెట్టమని సరదా పడ్డాడట.

కొన్నాళ్ళకి ఒక పొద్దున విమానం ఎగరాలి. ఎగిరేముందు మెకానిక్ చుట్టూ తిరిగి చూడాలి. ముందు కాలి దగ్గర ఎర్రగా, జిడ్డుగా ఒక చార కిందికి దిగి ఉంది. ఎండకి బొట్టు కరిగి కారిందనుకున్నాడు. కాళ్ళని పైకీ కిందికీ కదిపే హైడ్రాలిక్ నూనె రంగు కూడా ఎరుపే. ఆ సంగతి ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. గ్లౌజు తీసి, వేలు పెట్టి, వాసన చూస్తే తేలిపోయేది. గాలి కోస్తోంది. తియ్యలేదు. వెళ్ళమని బొటనవేలు ఎత్తి చూపించాడు.

అవతల దిగేటప్పుడు ముందు పట్టీ సరిగ్గా నిలబడలేదు. పొలం గట్లలా గడ్డకట్టిన మంచులో గుచ్చుకుని కాలు విరిగింది, రెక్క నేలకి కొట్టుకుంది. తుఫాను పట్టుకుంది. పైలట్ రెండు రోజులు ఆ రేకుల్లో కూర్చున్నాడు, మనుషులు చేరేసరికి ఎడంచేతి వేళ్ళు నల్లబడిపోయాయి.

"కబురు తెలిశాక బండి నిలబెట్టిన చోటికెళ్ళానమ్మాయ్. మంచు మీద అన్నం కంచమంత ఎర్ర మరక. అప్పుడు తీశాను గ్లౌజు. వేలు పెట్టాను. నూనే." కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "గ్లౌజు తియ్యలేదు కాబట్టి నా పది వేళ్ళూ ఉన్నాయి. ఆయనవి నాలుగు పోయాయి."

కంపెనీ పైవాడికి ఇదంతా చెప్పాడట. నోరు మూసుకుని ఇంటికి పొమ్మన్నాడట పైవాడు. కాయితాల్లో తప్పంతా మంచు గట్ల మీదకి పోయింది. "మంచుకి నోరు లేదు కదా," అన్నాడు బాబాయ్. పిన్నికి కూడా ఎప్పుడూ చెప్పలేదన్నాడు. పైలట్‌కి మాత్రం తెలియాలి. "తెలిసి తిట్టినా సరే. తెలియకుండా కార్డులు పంపిస్తన్నాడు, అది నా వల్ల కావడం లేదు. బొట్టనుకున్నాను, గ్లౌజు తియ్యలేదు. ఈ రెండు ముక్కలూ ఉండాలి."

నేను రాశాను. చక్కటి ఇంగ్లీషులో, మర్యాదగా రాశాను. 'ఆ రోజు విపరీతమైన చలి వల్ల తనిఖీ పూర్తిగా జరగలేదేమోనని ఇన్నేళ్ళుగా బాధపడుతున్నాను' అని. బొట్టు లేదు. గ్లౌజు లేదు. ఆ కంపెనీ వాళ్ళు ఈ వయసులో ఆయన మీద కేసు పెడతారేమోనని భయపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. కుంకుమ పెట్టి విమానం పడగొట్టారని ఒక దొర మనల్ని చూసి నవ్వుతాడేమోనని సిగ్గుపడ్డాను. నా ఇంగ్లీషులో మా కుంకుమకి చోటు లేకపోయింది. చదివి వినిపించమంటే, ఆయన చెప్పిన మాటలే తెలుగులో తిప్పి చదివాను. కాయితం వైపు చూడకుండానే తలూపి సంతకం పెట్టాడు. పోస్టు కూడా నేనే చేశాను.

రెండు నెలలకి జవాబొచ్చింది. చలి ఎవరి చేతిలోనూ లేదు, దాని గురించి మనసు కష్టపెట్టుకోకు, ఆరోగ్యం జాగ్రత్త అని రాశాడు, కింద తన ఈమెయిలు కూడా ఇచ్చాడు. చదివి చెప్పాను.

"బొట్టు గురించి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు బాబాయ్."

"గ్లౌజు గురించి?"

"లేదు."

"పెద్దమనిషి. మాట దాటేశాడు," అన్నాడు. "ఓర్చుకోగలిగితే తిట్టేవాడు. ఓర్చుకోలేకే దాటేశాడమ్మాయ్."

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. రేపు చెబుదామనుకున్నాను. నిజం చెబితే ఆయన నా మొహం చూడడేమోనని ఆ రేపుని ఏడాదిన్నర లాగాను. బడిలో పిల్లలు ఒక వాక్యం ఎగ్గొడితే ఎర్రసిరాతో చుట్టే మనిషిని నేను. ఆ తర్వాత జనవరిలో వచ్చిన కార్డు ఆయన విప్పలేదు. పానాపెట్టెలో అడుగున పడేశాడు. ఆ పై ఏడాది వచ్చింది కూడా దాని మీదే పడేశాడు. మూతకి ఉన్న ఫోటో గీకి తీసేశాడు. ఎందుకన్నా అని వెల్డరు అడిగితే తుప్పు పట్టిందన్నాడట. ఫోటోకి తుప్పేమిటని వెల్డరు నన్నడిగాడు. నాకు తెలియదన్నాను.

అలాగే పోయాడు. తనని ఆ మనిషి క్షమించలేదనుకునే పోయాడు. స్నానం చేయించి పడుకోబెట్టాక, చుట్టుపక్కల షెడ్ల మెకానిక్కులంతా గౌరవమని చెప్పి ఆయన పానాలన్నీ తెచ్చి, కడిగి, ఒక్కోదానికీ బొట్టు పెట్టి, పక్కన వరసగా పేర్చారు. ఇరవై ఏళ్ళు ఏది వద్దన్నాడో సరిగ్గా అదే చేశారు. వద్దని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. కారణం అడుగుతారని నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున పైలట్‌కి మెయిలు రాశాను. బాబాయ్ పోయాడని రాశాను. బొట్టు, నువ్వులనూనె, ఎర్ర చార, తియ్యని గ్లౌజు, కంచమంత మరక, అన్నీ రాశాను. అప్పుడు వీటిని ఎగ్గొట్టింది నేనేనని కూడా రాశాను. వ్యాకరణం కూడా చూసుకోలేదు.

పెద్దకర్మ రోజు వచ్చింది జవాబు. భోజనాల పంక్తి దాటి, షెడ్డులోకి వెళ్ళి చదువుకున్నాను. తెలుగులో ఇలా ఉంటుంది, ఈసారి ఒక్క ముక్క వదలను.

'ఆ పొద్దున నేను కూడా విమానం చుట్టూ తిరిగాను. ఎరుపు నేనూ చూశాను. నా మిత్రుడు పెట్టిన బొట్టు కారిందనుకున్నాను. నేనూ గ్లౌజు తియ్యలేదు. ఆఖరిమాట పైలట్‌ది, తప్పు నాది. ఈ సంగతి ఆయనకి చెబితే, తన బొట్టే నా చేతిని తీసిందని కుమిలిపోతాడని భయపడి, ఇన్నేళ్ళూ కార్డుల్లో శుభాకాంక్షలు తప్ప ఏమీ రాయలేదు. ఆయనకీ తెలుసని నాకు తెలియదు. మీరు అప్పుడే ఎందుకు రాయలేదు? ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం.'

ఆ చివరి ప్రశ్నకి నేనింకా జవాబు రాయలేదు.

పంక్తులు లేచాక పిన్ని దగ్గర కూర్చుని మొదటినుంచి చెప్పాను. నా మర్యాద ఉత్తరం సంగతి కూడా చెప్పి, పైలట్ జవాబు చదివాను. ఆవిడ తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. కళ్ళు తుడుచుకోలేదు కూడా.

"ఆ పొట్లం పెట్టెలో పెట్టింది నేనేగా," అంది. "అందుకా నాకు చెప్పలేదు మీ బాబాయ్."

మళ్ళీ తనే అంది. "రెండేళ్ళు సరిగ్గా అన్నం తినలేదే అమ్మాయ్. స్టెంటు వల్ల అనుకున్నాను."

ఎదురుగా బల్ల మీద దండేసిన పటం. మంచులో విమానం పక్కన నిలబడి తీయించుకుని, ఎవరికీ చూపించకుండా దాచుకున్న పాత ఫోటో అది. పెద్దది చేయమని ఇస్తే, స్టూడియో అతను విమానం అడ్డంగా ఉందని కత్తిరించేసి మనిషిని ఉంచాడు. వెనకంతా ఉత్త తెలుపు. ఎవరో పుణ్యాత్ములు, అంటుకోవాలని కుంకుమ తడిపి, అద్దం మీద పెద్ద బొట్టు పెట్టారు. కింద దీపం సెగకి అది కరిగి, బాబాయ్ నుదుటి మీంచి చెంప పక్కగా, ఆ తెలుపు మీదకి సన్నటి చారగా దిగుతోంది.

వెళ్ళి దాని మీద వేలు పెట్టాను. బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పిన్ని నన్నే చూస్తోంది.

"ఏంటే?" అంది.

"నువ్వులనూనె పిన్నీ," అన్నాను.